పాత బ్యాంకు తలుపు ఖరీదెంత?

అమెరికాలో చిన్న ఊళ్లలో కొన్నాళ్లు ఉన్నవాళ్లకి ఈ భవనం తెలిసే ఉంటుంది. మెయిన్ స్ట్రీట్ మూల మీద, రాతి స్తంభాలతో, చూడ్డానికి గుడిలా ఉంటుంది. పైన రాతిలో చెక్కిన బ్యాంకు పేరు ఇంకా చెరిగిపోదు. లోపల మాత్రం బ్యాంకు ఉండదు. కాఫీ షాపో, పిజ్జా కొట్టో, లాయర్ ఆఫీసో ఉంటుంది. వెనక గోడలో పెద్ద ఉక్కు తలుపు, దాని మీద ఓడ చుక్కానిలాంటి చక్రం. పిల్లలు ఆ చక్రం పట్టుకుని ఫొటోలు దిగుతారు. మనం కాఫీ తాగి వచ్చేస్తాం.

ఇప్పుడు మనవాళ్లు కూడా అలాంటి భవనాలు కొంటున్నారు. రెస్టారెంటుకనీ, క్లినిక్కుకనీ, డేకేర్‌కనీ. కొన్నాక కాంట్రాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఈ తలుపుని ఏం చేద్దాం?" అని. తుక్కు కింద వేసేద్దామని ఒకరంటారు. లక్షలు పలుకుతుందని ఇంకొకరంటారు. చాలాసార్లు ఇద్దరిదీ పొరపాటే. ఆ తలుపు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, అసలు అంత బరువు ఎందుకు చేశారో తెలిస్తేగానీ వెల కట్టలేం. అందుకే ముందు చరిత్ర చెప్పుకుని, తర్వాత బేరంలోకి వెళ్దాం.

దొంగ మారినప్పుడల్లా తలుపు మారింది

మన తాతల కాలంలో ఇనప్పెట్టె అంటే తెలుసుగా? అమెరికాలో కూడా మొదట అంతే. 19వ శతాబ్దం సగం దాకా చిన్న బ్యాంకులకి పెద్ద ఇనప్పెట్టే దిక్కు. అప్పటి పెద్ద భయం దొంగ కాదు, నిప్పు. ఊళ్లన్నీ కర్ర ఇళ్లు. 1871లో షికాగో నగరం తగలబడింది. ఆ మంటల్లో తమ ఇనప్పెట్టెలు 878 పడ్డాయనీ, లోపలి కాగితాలు భద్రంగా ఉన్నాయనీ డీబోల్డ్ కంపెనీ చాటుకుంది. ఆ ప్రచారంతో ఆర్డర్లు వచ్చిపడ్డాయి. 1859లో సిన్సినాటిలో మొదలైన ఆ కంపెనీ, 1872లో అదే ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌కి మారింది.

అంతర్యుద్ధం తర్వాత భయం నిప్పు నుంచి దొంగ మీదికి మళ్లింది. నైట్రోగ్లిజరిన్ అనే ద్రవం దొంగల చేతికి వచ్చింది. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా చాలు, దాన్ని అందులోకి కారనిచ్చి పేల్చేవారు. అందుకని తలుపు అంచుల్ని మెట్లు మెట్లుగా కోసి, ద్వారబంధంలో కూడా అలాంటి మెట్లే పెట్టారు. తలుపు పక్కనించి చూస్తే మన గుడి అరుగుల్లా నాలుగైదు మెట్లు కనిపిస్తాయే, అవి అందానికి కాదు. ద్రవం తిన్నగా లోపలికి పోకుండా వేసిన అడ్డు.

డ్రిల్లుతో కన్నం వేసేవాళ్ల కోసం ఇంకో ఉపాయం వచ్చింది. మెత్తటి ఉక్కు ఒక పొర, గట్టి ఉక్కు ఒక పొర వేసి స్క్రూలతో బిగించారు. తర్వాత మాంగనీసు ఉక్కు వచ్చింది. ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన లోహం ఇది. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, డ్రిల్లుకి లొంగదు. దాంతో పోత పోసిన గుండ్రటి సేఫ్‌లు వచ్చాయి. పీట మీద కూర్చోబెట్టిన ఫిరంగి గుండులా ఉంటాయి. అందుకే వాటికి ‘కేనన్‌బాల్ సేఫ్’ అనే పేరు. చిన్న ఊరి బ్యాంకుల్లో వాల్ట్ గది లోపల ఇంకో కాపలాగా ఇవి ఉండేవి.

పలకల తలుపుతో ఒక చిక్కు ఉంది. నాలుగు మూలలూ ద్వారబంధంలో సందు లేకుండా అమర్చడం చాలా కష్టం. అదే గుండ్రటి తలుపైతే లేత్ మీద తిప్పి, సాన పట్టి, సీసా బిరడాలా బిగుతుగా కూర్చోబెట్టొచ్చు. 20వ శతాబ్దం వచ్చాక పెద్ద బ్యాంకులన్నీ గుండ్రటి తలుపుల మీద మోజు పడ్డది అందుకే. గ్యాస్ కట్టర్ వచ్చాక, వేడిని తట్టుకునే లోహాల పొరలు కూడా కలిపారు. తలుపులు టన్నుల్లోకి వెళ్లాయి. 1923లో కట్టిన క్లీవ్‌లాండ్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు తలుపు ఒక్కటే 100 టన్నులు, దాన్ని మోసే బందు 47 టన్నులు. పెన్సిల్వేనియాలోని యార్క్ సేఫ్ అండ్ లాక్ కంపెనీ చేసింది. అంత బరువున్నా, బందు సరిగ్గా తూచి అమర్చడం వల్ల ఒక మనిషి చేత్తో తోయగలడు.

క్యాషియర్ ఇంటి కథ

ఇన్ని చేస్తే దొంగలు ఊరుకున్నారా? తలుపుని వదిలేసి మనిషిని పట్టుకున్నారు. తలుపు తెరిచే అంకెలు ఎవరి తలలో ఉన్నాయి? క్యాషియర్ తలలో. మరి క్యాషియర్ రాత్రి ఎక్కడుంటాడు? ఇంట్లో, పెళ్లాం పిల్లల మధ్య.

1876 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రం నార్తాంప్టన్‌లో ముసుగులేసుకున్న దొంగలు అర్ధరాత్రి క్యాషియర్ ఇంట్లో జొరబడ్డారు. ఇంట్లో వాళ్లందర్నీ కట్టేశారు. ఆయన్ని బాధపెట్టి అంకెలు చెప్పించుకున్నారు. తర్వాత తీరిగ్గా బ్యాంకుకి వెళ్లి, బాండ్లూ నగదూ కలిపి పది లక్షల డాలర్లకి పైగా విలువైన సొత్తు ఎత్తుకుపోయారు. అప్పటిదాకా అమెరికాలో జరిగిన అతి పెద్ద బ్యాంకు దొంగతనాల్లో అదొకటి.

దీనికి విరుగుడు అప్పటికే పుట్టింది, కానీ చాలా బ్యాంకులు కొనలేదు. న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో జేమ్స్ సార్జెంట్ అనే తాళాల నిపుణుడు 1873లో టైమ్ లాక్ తయారుచేశాడు. 1874లో ఇల్లినాయి రాష్ట్రం మారిసన్‌లోని బ్యాంకుకి మొదటిది బిగించారు. పద్ధతి చాలా తేలిక. తలుపు లోపలి వైపు గడియారాలుంటాయి. సాయంత్రం తలుపు మూసేముందు, ఎన్ని గంటలు తాళం పడి ఉండాలో అన్ని గంటలకి కీ ఇస్తారు. ఆ గంటలు పూర్తయ్యేదాకా సరైన అంకెలు తిప్పినా తలుపు రాదు. మేనేజరు వచ్చినా రాదు, దేవుడు దిగొచ్చినా రాదు.

నార్తాంప్టన్ తర్వాత టైమ్ లాక్‌లు కొనడానికి బ్యాంకులు పరుగెత్తాయి. ఎందుకో ఆలోచించండి. ఆ తాళం మొదట కాపాడింది డబ్బుని కాదు, క్యాషియర్ కుటుంబాన్ని. "నా దగ్గర అంకెలున్నాయి, అయినా పొద్దున దాకా నేను కూడా తెరవలేను" అని చెప్పగలగడమే ఆ ఇంటికి రక్ష. అర్ధరాత్రి తలుపు తట్టినా లాభం లేదని దొంగకి తెలిస్తే, ఆ ఇంటి వైపు రావడం మానేస్తాడు.

ఆసుపత్రుల్లో పనిచేసే మనలాంటి వాళ్లకి ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. నార్కోటిక్ మందు మిగిలితే పారబోయడానికి ఇద్దరు నర్సులు నిలబడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. కొత్తగా చేరినప్పుడు "నన్ను నమ్మట్లేదా?" అనిపిస్తుంది. కొన్నాళ్లు పోయాక తెలుస్తుంది, ఆ రెండో సంతకం మన మీద అనుమానం కాదు, మనకే కాపుదల అని. మన ఊరి బ్యాంకు స్ట్రాంగ్ రూముకి రెండు తాళంచెవులు ఇద్దరు ఆఫీసర్ల దగ్గర ఉండటం కూడా ఇదే లెక్క.

టైమ్ లాక్‌లో సాధారణంగా రెండు గానీ మూడు గానీ గడియారాలుంటాయి. ఒకటి ఆగిపోతే తలుపు శాశ్వతంగా మూసుకుపోకూడదు కదా! ఏ ఒక్కటి తిరిగినా తాళం విడుతుంది. పేరున్న గడియారాల కంపెనీలే వీటి యంత్రాలు చేసేవి. బాస్టన్‌లోని ఇ. హోవర్డ్, కనెటికట్‌లోని సెత్ థామస్ అందులో ఉన్నాయి. అద్దం వెనక ఇత్తడి పళ్లచక్రాలు, వాటి మీద చేత్తో చెక్కిన లతలు ఉంటాయి. రోజుకి ఒకరిద్దరు ఉద్యోగులు తప్ప చూసేవాళ్లు లేని చోట ఇంత నగిషీ!

తలుపు చూపించి నమ్మకం తెచ్చుకున్న రోజులు

మరి పెద్ద గుండ్రటి తలుపుల్ని జనానికి కనబడేలా హాలు పక్కనే ఎందుకు పెట్టారు? పగలంతా బార్లా తెరిచి, మెరిసే ఇత్తడి చక్రాలు కనబడేలా ఎందుకు ఉంచారు? 1934కి ముందు అమెరికాలో దేశమంతటికీ వర్తించే డిపాజిట్ బీమా లేదు. బ్యాంకు మునిగితే మీ డబ్బు మునిగినట్టే. రైతు గానీ, బట్టలుతికి కూడబెట్టిన ఇల్లాలు గానీ లోపలికొస్తే, "మీ డబ్బు మా దగ్గర భద్రం" అని చెప్పడానికి బ్యాంకు దగ్గర ఉన్న రుజువు ఆ రాతి స్తంభాలూ, ఆ తలుపూ. ఉక్కుతో రాసిన ప్రామిసరీ నోటు అనుకోండి.

ఆ నోటు చెల్లలేదు. 1930 నుంచి 1933 లోపల దేశంలో దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. వాటిలో ఎన్నింటికో బ్రహ్మాండమైన తలుపులున్నాయి. ఒక్క దొంగా వాటిని పగలగొట్టలేదు. అప్పులు తిరిగి రాక, జనం భయపడి వరస కట్టి డబ్బు వెనక్కి తీసుకోవడంతో, తలుపు చెక్కుచెదరకుండానే లోపల ఖాళీ అయింది. ఈ రోజు మనం కాఫీ తాగే ఆ గుడిలాంటి భవనాల్లో కొన్ని ఆ రోజుల్లో మూతపడినవే.

చివరికి జనాన్ని కాపాడింది ఉక్కు కాదు, కాగితం. 1933లో చట్టం చేసి ఎఫ్.డి.ఐ.సి. పెట్టారు. 1934 జనవరి 1 నుంచి ఒక్కొక్కరికి 2,500 డాలర్ల దాకా బీమా మొదలైంది. ఇప్పుడది బ్యాంకుకి, ఖాతాదారుకి 2,50,000 డాలర్లు. ఆ తర్వాత బ్యాంకు తన తలుపు చూపించాల్సిన పని తగ్గిపోయింది. అద్దానికి అంటించిన చిన్న స్టిక్కరు చాలు.

తలుపు కన్నా మనిషి గొప్ప అని చెప్పడానికి రిచ్‌మండ్‌లో ఒక ఉదాహరణ ఉంది. మేగీ లీనా వాకర్ తల్లి బట్టలుతికి పిల్లల్ని పెంచింది. ఆ మేగీ 1903లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ పెట్టింది. అమెరికాలో బ్యాంకుకి చార్టర్ తెచ్చుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. పేరులోనే ఉంది చూడండి, పెన్నీ. పైసా పైసా దాచుకునేవాళ్ల బ్యాంకు. మాంద్యం ముంచుకొచ్చినప్పుడు ఆవిడ మొండిగా కూర్చోకుండా, ఊళ్లోని మరో రెండు బ్యాంకులతో తన బ్యాంకుని కలిపేసి నిలబెట్టింది.

మన వైపూ ఈ దెబ్బ తగిలింది. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే పెద్ద ఇంగ్లీషు కంపెనీ దివాలా తీసింది. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. గట్టి కంపెనీ అని నమ్మి దాచుకున్నవాళ్లు వీధిన పడ్డారు. ఆ కసిలోంచే 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. కానీ డిపాజిట్లకి బీమా మాత్రం, 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంక్ మూతపడ్డాక, 1962లో గానీ రాలేదు.

ఇనప్పెట్టెల విషయంలో కూడా మనకో సొంత కథ ఉంది. అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టి, 1902లో ఇనప్పెట్టెలకి వచ్చాడు. అప్పటిదాకా షావుకార్లు చబ్, మిల్నర్ లాంటి విలాయతీ పేర్లనే నమ్మేవారు. 1923లో ఆ కంపెనీ స్టీలు బీరువాలు మొదలుపెట్టింది. మన అమ్మల పెళ్లిసారెలో వచ్చిన గోద్రెజ్ బీరువా ఉందే, దాని పూర్వీకులు ఈ బ్యాంకు ఇనప్పెట్టెలే.

ఇంకొక్క తలుపు సంగతి చెప్పి ముందుకెళ్తాను. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు, అక్కడి టెయికోకు బ్యాంకులో అమెరికా మోస్లర్ కంపెనీ చేసిన వాల్ట్‌లున్నాయి. భవనం దెబ్బతింది, వాల్ట్‌లు నిలిచాయి, లోపలివి భద్రంగా బయటికొచ్చాయి. తర్వాత మోస్లర్ కంపెనీ దాన్ని తన గొప్పగా ప్రచారం చేసుకుంది. ఆ ఏడాది ముగిసేలోపు ఆ ఊళ్లో సుమారు 1,40,000 మంది చనిపోయారు. తలుపు గట్టిదే, కాదనం. కానీ తలుపు వెనక దాచగలిగేది ఎంత కొంచెమో కూడా ఆ రోజు తేలిపోయింది.

ఎవరు చేశారో కనుక్కోండి

ఇప్పుడు మీ ముందు ఒక తలుపు ఉందనుకోండి. ఇలా మొదలుపెట్టండి.

ముందు పేరు వెతకండి. తలుపు పైభాగంలో, గడపకి బిగించిన ఇత్తడి పలక మీద, బందుల మీద, లోపలి వైపు అద్దం మీద చూడండి. అంకెల డయల్ మీద ఉన్న పేరు తాళం కంపెనీది, తలుపు కంపెనీది కాకపోవచ్చు. సార్జెంట్ అండ్ గ్రీన్‌లీఫ్, యేల్, కన్సాలిడేటెడ్ టైమ్ లాక్ అన్నవి తాళాల పేర్లు. డీబోల్డ్, మోస్లర్, యార్క్, హెరింగ్-హాల్-మార్విన్ అన్నవి తలుపుల పేర్లు. పెయింటుతో రాసిన పేరు బ్యాంకుదో, అమ్మిన ఏజెంటుదో కావొచ్చు. దాన్నిబట్టి ఎవరు చేశారో తేల్చకండి.

తర్వాత ఊరు పేరు చూడండి. డీబోల్డ్ పక్కన కాంటన్ అని ఉంటే అది 1872 తర్వాతది. హెరింగ్-హాల్-మార్విన్ అన్న మూడు పేర్లూ కలిసి ఉంటే 1892కి ముందుది కాదు, ఎందుకంటే ఆ కంపెనీలు కలిసింది అప్పుడే. మోస్లర్ పక్కన సిన్సినాటి ఉంటే పాతది, హామిల్టన్ ఉంటే ఆ కంపెనీ 1890ల మొదట్లో అక్కడికి మారాక చేసినది. మోస్లర్ 2001లో దివాలా తీసింది.

పేటెంటు తేదీలు చూసి చాలామంది పొరబడతారు. పలక మీద 1887 అని ఉంటే తలుపు 1887లో చేసింది అని కాదు, అంతకుముందుది కాదు అని మాత్రమే. అదే పలక తర్వాత పాతికేళ్లు వేస్తూ ఉండొచ్చు. సరైన వయసు సీరియల్ నంబరుతోనూ, బ్యాంకు కట్టిన సంవత్సరంతోనూ పోల్చి చూడాలి. భవనం మూలరాయి మీద తేదీ ఉంటుంది. ఊరి లైబ్రరీలో పాత పేపర్లుంటాయి. కొత్త వాల్ట్ వచ్చిందంటే ఆ రోజుల్లో ఊరి పేపరుకి పెద్ద వార్త.

ఆకారం కూడా కొంత చెబుతుంది. పొరలు పొరలుగా స్క్రూలతో బిగించి, అంచులు మెట్లుగా ఉండి, పువ్వులూ బంగారు గీతలూ చేత్తో వేసి ఉంటే 19వ శతాబ్దం చివరి పాతికేళ్లది కావొచ్చు. గుండ్రంగా, మందంగా, వెనక అద్దంలోంచి బోల్టులన్నీ కనిపిస్తూ ఉంటే 1900 నుంచి 1930 మధ్యది అనుకోవచ్చు. నగిషీ ఏమీ లేకుండా నున్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పలక తలుపైతే అది ఆ తర్వాతది.

వెల కట్టేటప్పుడు

బరువు చూసి వెల కట్టకండి. బరువు అమ్మేవాడికి లాభం కాదు, ఖర్చు. ఈ మాట ఒక్కటి గుర్తుంటే చాలా బేరాల్లో మోసపోరు.

వెల పెంచేవి ఇవి. టైమ్ లాక్ మొత్తం ఉండటం, గడియారాలు నడవటం. కీ ఇచ్చే చిన్న తాళంచెవి కూడా ఉంటే ఇంకా మంచిది. తెలివైన దొంగ, తెలివైన కొనుగోలుదారు ఇద్దరూ ముందు చూసేది ఆ గడియారాల పెట్టెనే. కొన్నిసార్లు అది విడిగానే తలుపు కన్నా ఎక్కువ పలుకుతుంది. అందుకే పాత బ్యాంకుల్లో తలుపు ఉండి, ఆ పెట్టె ఉన్న చోట ఖాళీ కన్నాలు కనిపిస్తుంటాయి. తర్వాత ద్వారబంధం. తలుపూ ద్వారబంధం కలిపి సాన పట్టిన జోడీ. ఒకటి లేకపోతే రెండోది సగం విలువే. లోపలి గ్రిల్ తలుపు, అసలు రంగు, బంగారు అక్షరాలు, బ్యాంకు పాత ఫొటోలు, తాళం కాగితాలు, ఇవన్నీ కలిసి వస్తాయి. పాతబడిందని ఇసకతో రుద్దించి మెరిపిస్తే, అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త గొలుసు చేయించినట్టే. బంగారం ఉంటుంది, పేరు పోతుంది.

వెల తగ్గించేది ముఖ్యంగా ఒకటే, బయటికి తీయడం. ఒక చిన్న లెక్క చూడండి. ఇది ఉదాహరణకే. తలుపుకి 6,000 డాలర్లు ఇస్తానని ఒకరు ముందుకొచ్చారు. గోడ పగలగొట్టి, బరువులెత్తే కంపెనీని పిలిచి, నేల కుంగకుండా పలకలు పరిచి, ట్రక్కెక్కించడానికి 8,000 అడిగారు. అప్పుడు మీ తలుపు వెల 6,000 కాదు, మైనస్ 2,000. "తీసుకెళ్లే ఖర్చు కొనేవాళ్లదే" అని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే బేరం. చిన్న కేనన్‌బాల్ సేఫ్‌ని కలెక్టర్లు ఎగబడి కొంటారు. పెద్ద గుండ్రటి తలుపుని ఎవరూ కదపలేరు. దాని విలువ ఆ భవనంలో ఉన్నంతసేపే.

ఆన్‌లైన్‌లో కనిపించే ధరలు అడిగే ధరలు, అమ్ముడైన ధరలు కాదు. వేలంలో నిజంగా పలికినవి చూడండి. కొనడానికి వచ్చినవాళ్ల చేతే వెల కట్టించుకోకండి. సేఫ్, వాల్ట్ టెక్నీషియన్ల సంఘం ఒకటుంది, సావ్టా అంటారు. అందులో ఉన్న టెక్నీషియన్‌కి ఫీజు ఇచ్చి చూపించండి.

ఇంకో సంగతి. భవనం చారిత్రక కట్టడాల నేషనల్ రిజిస్టర్‌లో ఉండి, మీరు అందులో వ్యాపారం పెడుతుంటే, నిబంధనల ప్రకారం బాగుచేయించిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ దొరికే అవకాశం ఉంది. వాల్ట్ తలుపు ఆ భవనం గుణంలో భాగమని అధికారులు అనుకుంటే, మీరు దాన్ని పీకించడం వల్ల ఆ క్రెడిట్‌కే ఎసరు రావచ్చు. రాష్ట్ర హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసుని అడిగాకే సుత్తి ఎత్తండి.

ముట్టుకునే ముందు

నర్సుని కాబట్టి ఇది చెప్పకుండా వదలను.

మొదటిది, కన్నీటి గ్యాసు. 1920ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు, దొంగ తాళం పగలగొడితే పగిలేలా, తలుపు లోపలి వైపు గాజు గొట్టాల్లో క్లోరోపిక్రిన్ అనే ద్రవం పెట్టేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విషం అది. కళ్లనీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీస్తుంది. ఇన్నేళ్లయినా ఆ గొట్టాలు కొన్ని తలుపుల్లో ఇంకా ఉన్నాయి. తాళం దగ్గర రేకు చట్రంలో పసుపు రంగు ద్రవమో, రంగులేని ద్రవమో ఉన్న గాజు కనబడితే తాకొద్దు, ఊపొద్దు, విప్పొద్దు. అందర్నీ బయటికి పంపి ఫైర్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేయండి.

రెండోది, ఆస్బెస్టాస్. నిప్పు తట్టుకోవడానికి తలుపు పొరల మధ్య దాన్ని నింపినవి ఉన్నాయి. పరీక్ష చేయించకుండా డ్రిల్ వేయనివ్వకండి, కోయనివ్వకండి.

మూడోది, పిల్లలు. ఓ. హెన్రీ 1903లో రాసిన ఒక కథలో కొత్త వాల్ట్‌లో చిన్నపిల్ల ఇరుక్కుంటుంది. ఆయన కూడా ఒకప్పుడు బ్యాంకులో పనిచేసినవాడే, ఆ భయం ఆయనకి తెలుసు. కథలో ఒక పాత దొంగ వచ్చి తీశాడు. మన పిల్లలకి ఎవరూ రారు. గది బిగుతుగా మూసుకుంటే గాలి ఆడదు, అరిచినా వినబడదు. టెక్నీషియన్ చేత టైమ్ లాక్ పని ఆపించండి. తలుపు తెరిచి ఉన్నప్పుడే బోల్టులు బయటికి చాచి, అలాగే కదలకుండా బిగించమని చెప్పండి. బోల్టులు బయటికి ఉంటే తలుపు ద్వారబంధంలో పట్టదు. డేకేర్ పెట్టేవాళ్లయితే ఇది సామాన్లు దించకముందే చేయించాలి.

మీ ఊళ్లో ఇలాంటి తలుపు ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు ముందువైపు, వెనకవైపు, అంచులు, పేరు పలక, టైమ్ లాక్ విడివిడిగా ఐదు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టండి. కంపెనీ ఏదో, కాలం ఏదో కలిసి చూద్దాం. అంకెలు రాసిన చీటీలు ఏవైనా కనబడితే మాత్రం ఫొటో పెట్టకండి. ఆ భవనం కొన్నవాళ్లకి ఇచ్చేయండి. అలాగే మీ సొంత బ్యాంకు అద్దం మీద ఎఫ్.డి.ఐ.సి. స్టిక్కరు ఉందో లేదో, క్రెడిట్ యూనియన్ అయితే ఎన్.సి.యు.ఎ. అని ఉందో లేదో ఒకసారి చూడండి. ఇండియాలో డిపాజిట్లు ఉన్నవాళ్లు, అక్కడి బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల దాకానే అని గుర్తుంచుకుని, అంతా ఒకే చోట పెట్టారేమో లెక్క చూసుకోండి.